మార్కులు వెయ్యని ఇంటర్వ్యూ

ఉద్యోగం ఎక్కడ పోతుంది? పరీక్ష హాల్లో పోతుందనుకుంటాం. ఇంగ్లీషు రాక పోయిందనుకుంటాం. పోనీ, బల్లకి అవతల కూర్చున్న నలుగురైదుగురు పెద్దమనుషుల ముందు నోరు తడారిపోయి పోయిందనుకుంటాం. ఇవన్నీ జరిగేవే. కానీ మన పల్లెల నుంచి, వాడల నుంచి చదువుకుని పట్నం పోయిన పిల్లలు ఇప్పుడొచ్చి చెబుతున్న సంగతి వేరు. రాతపరీక్ష నెగ్గారు. ఇంటర్వ్యూ నెగ్గారు. చివర్లో ఒకాయన నవ్వుతూ, "రేపు మధ్యాహ్నం ఒకసారి రండి, మా టీముతో కలిసి భోంచేద్దురుగాని. ఊరికే, పరిచయం కోసం" అన్నాడు. అక్కడ పోయింది.

ఊరికే అన్న మాటని మేం నమ్మం. ఈ దేశంలో నలుగురు కలిసి కూర్చుని తినడం, తాగడం ఎన్నడూ ఊరికే జరగలేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగాలి, ఏ గ్లాసు ఎవరిది అన్నదే కులం. మహద్‌లో 1927లో చెరువు నీళ్ల దగ్గరే మొదలైంది. కారంచేడులో 1985లో మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. టీ హోటళ్లలో రెండు గ్లాసులు పెట్టిన ఊళ్లు మనకి తెలియనివా? అట్లాంటి దేశంలో ఉద్యోగం ఇచ్చే ముందు "కలిసి టీ తాగుదాం" అంటే, టీ ఎట్లా తాగుతాడో చూస్తున్నారనుకోవాలా, ఎవడి బిడ్డో చూస్తున్నారనుకోవాలా?

ఊళ్లో ఉన్నవాళ్లకి ఈ తతంగం తెలియదు గనక కొంచెం విప్పి చెబుతాం. పెద్ద కంపెనీల్లో, కార్పొరేటు ఆసుపత్రుల్లో, ప్రైవేటు కాలేజీల్లో, కొన్ని స్వచ్ఛంద సంస్థల్లో కూడా ఇది నడుస్తోంది. ఇంటర్వ్యూ అయిపోయాక, ఆ ఉద్యోగం వస్తే ఎవరి పక్కన కూర్చుని పనిచెయ్యాలో వాళ్లతో ఒక గంట, గంటన్నర గడపమంటారు. క్యాంటీన్లో కావచ్చు, బయట హోటల్లో కావచ్చు. యూనివర్సిటీల్లో ఒక్కోచోట లెక్చరర్ పోస్టుకి వచ్చినవాళ్లని డిపార్టుమెంటులో సెమినార్ ఇమ్మంటారు, ఆ తర్వాత టీ ఉంటుంది. అక్కడ పానెల్ ఉండదు. ప్రశ్నల కాగితం ఉండదు. మార్కుల పట్టీ అంతకన్నా ఉండదు. నువ్వు లేచి వెళ్లిపోయాక పై ఆఫీసరు తన వాళ్లని అడుగుతాడు: "ఎట్లా ఉన్నాడు?" వాళ్లు చెబుతారు: "మంచోడే, కానీ..." ఆ 'కానీ' దగ్గరే మనవాడి బతుకు ఆగిపోతుంది. ఆ 'కానీ' తర్వాత ఏముందో ఎవరూ రాయరు. రాస్తే ఇంగ్లీషులో రెండే మాటలు: 'కల్చర్ ఫిట్' కాలేదు అని. ఇమడలేదు అని. సంస్కృతి సరిపోలేదట! ఎవరి సంస్కృతికి ఎవరు సరిపోవాలి?

ఆ గంటలో ఏం అడుగుతారో వినండి. కులం అడగరు. అది మోటు పద్ధతి, ఊళ్లో దొర అడిగే పద్ధతి. వీళ్లు చదువుకున్నోళ్లు గదా! "ఇంటిపేరు ఏమన్నారు?" అంటారు. ఇంటిపేరుతో తేలకపోతే "ఏ ఊరండీ?" అంటారు. ఊరు చెబితే "ఆ ఊళ్లో ఫలానా వాళ్లు తెలుసా?" అంటారు. ఆ ఫలానావాళ్లని నువ్వు ఎట్లా సంబోధిస్తావో అక్కడ సగం తెలిసిపోతుంది. మావయ్యగారంటావా, దొరగారంటావా, ఆ ఇంట్లో మా నాన్న పాలేరుగా ఉన్నాడంటావా? తేలకపోతే "నాన్నగారు ఏం చేస్తారు?" "ఎన్నెకరాలు?" ఇంకా తేలకపోతే "ఇంటర్ ఎక్కడ చదివారు, హాస్టల్ ఏది?" సోషల్ వెల్ఫేర్ గురుకులం అన్నావా, ఇక అడగాల్సిన పని లేదు. కొందరు పండగల మీద నుంచి వస్తారు: సంక్రాంతికి ఊరెళ్తారా, క్రిస్మస్‌కి వెళ్తారా? కొందరు ప్లేటు మీద నుంచి వస్తారు: "మీరు వెజ్జా, నాన్‌వెజ్జా? నాన్‌వెజ్ అంటే... అన్నీనా?" ఆ 'అన్నీనా' అనేటప్పుడు మొహంలో కనబడే నవ్వుకి ఏ చట్టంలో ఏ సెక్షన్ ఉంది?

ఇంజనీరింగు చదివిన పిల్లలకైతే ఇంకో ప్రశ్న ఉంటుంది. "ఎంసెట్‌లో ర్యాంకెంత?" ఐదేళ్లు ఇంకో కంపెనీలో పనిచేసి వచ్చినోడిని పన్నెండో తరగతి నాటి ర్యాంకు అడగటమేంటి? ర్యాంకుకీ కాలేజీకీ మధ్య ఉన్న దూరం కొలుస్తున్నారు. ఆ దూరంలో రిజర్వేషన్ ఉందా అని వెతుకుతున్నారు.

మన భాషలో దీనికంతటికీ ఒకే ఒక్క ప్రశ్న ఉంది: "మనోడేనా?" తెలుగు దేశంలో ఈ ప్రశ్న వినని ఆఫీసు లేదు. పిల్లనిచ్చేటప్పుడు అడుగుతారు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడుగుతారు, ఇప్పుడు ఏసీ గదిలో కాఫీ కప్పు పట్టుకుని ఇంగ్లీషులో అడుగుతున్నారు.

ఇది మా ఊహ అని కొట్టిపారేసేవాళ్లుంటారు. వాళ్ల కోసం కొన్ని లెక్కలు చెబుతాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పండితులు 2005 నుంచి 66 వారాల పాటు ఒక పని చేశారు. ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఉత్తుత్తి దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే. పేరు మాత్రం మార్చారు. ఒకటి అగ్రకులం పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. మొత్తం 548 ప్రకటనలు, 4808 దరఖాస్తులు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకి మూడో వంతే. ఇది 2007లో అచ్చయింది. మనిషిని చూడకుండా, మాట వినకుండా, కాగితం మీద పేరు చూసే ఇట్లా చేశారంటే, మనిషి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతుంటే ఏం చేస్తారో ఎవరికి వారు ఆలోచించుకోండి.

అదే ఏడు సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఇంకో వ్యాసం రాశారు. వాళ్లు పాతిక మంది కంపెనీ మేనేజర్లతో, ఉద్యోగాలిచ్చే అధికారులతో మాట్లాడారు. అందరూ ఒకే పాట: మాకు ప్రతిభే ముఖ్యం, కులం మాకు అక్కర్లేదు. ఆ వెంటనే చెప్పింది: అభ్యర్థి కుటుంబం ఎట్లాంటిదో తప్పకుండా అడుగుతాం. ప్రతిభకీ తండ్రి చేసే పనికీ సంబంధమేమిటని అడిగితే, పెంపకం తెలుస్తుంది, విలువలు తెలుస్తాయి అన్న తీరులో జవాబు. ఎండలో నాట్లేసి బిడ్డని ఎమ్మెస్సీ చదివించిన తల్లి పెంపకంలో విలువలు లేవా? అడిగే తీరు వేరైతే జవాబు గర్వంగా చెప్పుకునేది. కానీ ఆ బల్ల దగ్గర అది లోపంగా లెక్కకొస్తుంది.

ఇదేదో మన దేశపు జాడ్యమే అనుకోవద్దు. అమెరికాలో లారెన్ రివేరా అనే సామాజిక శాస్త్రవేత్త పెద్ద బ్యాంకుల్లో, లా కంపెనీల్లో, సలహా కంపెనీల్లో ఉద్యోగాలిచ్చే 120 మందిని కలిసి మాట్లాడి 2012లో ఒక వ్యాసం రాసింది. వాళ్లు చూసేది పనితనం ఒక్కటే కాదు, తమలాగే ఆడి పాడి తిరిగినోడా కాదా అన్నది కూడా అని తేల్చింది. విమానం ఆగిపోయి రాత్రంతా ఎయిర్‌పోర్టులో ఇతనితో చిక్కుకుపోతే నాకు విసుగు పుడుతుందా పుట్టదా అని కొందరు తమని తాము అడిగి చూసుకుంటారట! అక్కడ డబ్బున్నోడికీ లేనోడికీ మధ్య గోడ అది, నల్లవాడికీ తెల్లవాడికీ మధ్య గోడ. ఆ పద్ధతిని మన కంపెనీలు తెచ్చుకున్నాయి. తెచ్చుకుని మనువు ఇంట్లో పెట్టాయి. ఇప్పుడు మళ్లీ ఎగుమతి కూడా అవుతోంది. అక్కడి కంపెనీల్లో మనదేశం వాళ్లే టీముకి పెద్దలై, వాళ్లే కొత్తవాళ్లని ఎంచేచోట్ల ఇంటిపేరు ప్రశ్న సముద్రం దాటింది. అందుకే గదా సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధించాల్సి వచ్చింది! అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభ పాస్ చేసిన బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. ఆ బిల్లుని అడ్డుకోడానికి తిరిగినవాళ్లలో మనదేశం వాళ్లు తక్కువేం లేరు.

బాబాసాహెబ్‌కి ఇంటర్వ్యూలో నెగ్గడం చేతకాకనా? కొలంబియా యూనివర్సిటీలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. చదువు చాలింది, నియామకం చాలింది, రాజుగారి అండ కూడా ఉంది. పక్కన పనిచేసేవాళ్లు చాలనివ్వలేదు. కింది నౌకర్లు సైతం ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరారు. ఉండటానికి గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. మరుసటి ఏడు బొంబాయి సిడెన్హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. అక్కడ తోటి ప్రొఫెసర్లకి వచ్చిన అభ్యంతరం ఆర్థికశాస్త్రం మీద కాదు, స్టాఫ్ రూములో కుండ మీద. అందరి కుండలో ఈయన నీళ్లు తాగటమేమిటని. అదృష్టమో ఏమో, బాబాసాహెబ్‌ని ఆ తోటి ప్రొఫెసర్లతో ముందుగా భోజనానికి పిలిచి, వాళ్ల అభిప్రాయం కనుక్కుని ఉద్యోగం ఇవ్వలేదు. కనుక్కుని ఉంటే ఏం చెప్పి ఉండేవాళ్లు? ఇమడలేదు అనే.

ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగాల సంగతి చూడండి. అక్కడ కూడా ఇంటర్వ్యూలో మోసాలు తక్కువ జరగలేదు. కానీ కొట్లాడటానికి ఒక కాగితం ఉంది. సివిల్ సర్వీసు పరీక్షలో మొత్తం 2025 మార్కులకి ఇంటర్వ్యూకి 275. ఎవరికెంత వేశారో బయటికొస్తుంది, పోల్చి చూసి ప్రశ్నించొచ్చు. 1981లో అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు శ్రీనగర్ ఇంజనీరింగు కాలేజీ సీట్ల గురించి తీర్పు చెప్పింది. అక్కడ మూడో వంతు మార్కులు ఇంటర్వ్యూకే పెట్టారు. రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ అని అడిగి పంపించారని పిల్లలు కోర్టుకెక్కారు. మూడో వంతు అన్యాయం, పదిహేను శాతం మించకూడదు, వీలైతే ఇంటర్వ్యూని టేపులో రికార్డు చెయ్యండి అంది కోర్టు. నలభై ఏళ్లు దాటింది. టేపు రికార్డరు పోయి జేబులో సెల్‌ఫోన్ వచ్చింది గానీ రికార్డు చేసే ఇంటర్వ్యూలు ఎన్ని ఉన్నాయి? 2016 జనవరి నుంచి కేంద్రం గ్రూప్ సి, డి, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకి ఇంటర్వ్యూలే తీసేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్ వన్‌కి కూడా తీసేశారు. ఇది మంచిదే. అయితే ఇంటర్వ్యూ లేని ఉద్యోగాలు తగ్గిపోతూ, టీ బల్ల దగ్గర తేలే ఉద్యోగాలు పెరిగిపోతున్నాయి. ముందు తలుపు తీసి వెనక గోడ కట్టినట్టుంది వ్యవహారం.

చట్టం లేదా అంటే, మాట వరకు ఉంది. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకున్నదాంట్లో నాలుగో సెక్షన్ చదవండి. అంటరానితనం పేరుతో ఏ ఉద్యోగంలోనైనా అడ్డుపడితే నేరమే అంటుంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో కూడా ఉద్యోగం మాట ఉంది. కానీ నిరూపించేది ఎట్లా? చెరువు దగ్గర కొడితే దెబ్బ కనపడుతుంది. హోటల్లో రెండో గ్లాసు ఇస్తే గ్లాసు కనపడుతుంది. "మంచోడే, కానీ..." అన్నదానికి పంచనామా ఎవరు రాస్తారు? ప్రైవేటులో రిజర్వేషన్లు కావాలని మనం అడిగినప్పుడు, చట్టం వద్దు, మా అంతట మేమే చేస్తాం అని పరిశ్రమాధిపతుల సంఘాలు 2006లో మాటిచ్చాయి. ఆ తర్వాత 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లని లెక్కేస్తే నూటికి 93 మంది దాకా అగ్రకులాల వాళ్లే. ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. పైన కూర్చున్నోళ్లు వాళ్లయినప్పుడు, కింద ఎవరు 'ఇముడుతారు'?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కలిసి పనిచెయ్యబోయేవాళ్లని ముందుగా చూడటమే తప్పని మేం అనం. నిజానికి ఆ అవసరం మనకే ఎక్కువ. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా ఎవరి మధ్య కూర్చోబోతున్నాడో మన పిల్లవాడు చూసుకోవద్దా? ఆ టీములో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆడపిల్లలు ఎంతమంది, ముస్లింలు ఉన్నారా, ఆఫీసు తుడిచే అమ్మని ఎవరు ఏమని పిలుస్తున్నారు, ఆమె తాగే గ్లాసు ఎక్కడుంది? మేమైతే ముందు ఆ గ్లాసు చూడమంటాం. కంపెనీ పుస్తకంలో రాసుకున్న సమానత్వం కన్నా అదే ఎక్కువ చెబుతుంది. కాబట్టి భోజనానికి పిలిస్తే పోండి. పరీక్ష ఇవ్వడానికి పోయినట్టు కాదు, పరీక్ష పెట్టడానికి పోయినట్టు పోండి. మా తగువంతా ఒక్కదాని మీదే. పరిచయమైతే పరిచయం, పరీక్షయితే పరీక్ష. ఉద్యోగం ఇచ్చాం అని కాగితం చేతికిచ్చాక పిలవండి, ఎంతమందితోనైనా తింటాం. ఇవ్వకముందు పిలిస్తే అది ఇంటర్వ్యూయే. ఇంటర్వ్యూ అయితే అందరికీ ఒకే ప్రశ్నలు ఉండాలి, పని గురించే ఉండాలి, మార్కులు రాయాలి, ఎందుకు వద్దన్నారో కాగితం మీద చెప్పాలి.

ఆడపిల్లల సంగతి ఇంకా అధ్వానం. వాళ్లని కులంతోపాటు "పెళ్లయిందా? ఎప్పుడు చేసుకుంటారు? పిల్లలా?" అని కూడా అడుగుతారు. రాత్రి ఎనిమిదింటికి హోటల్‌కి భోజనానికి రమ్మంటారు. రానంటే టీముతో కలవదు అంటారు, వస్తే ఇంకోటి అంటారు. మన చెల్లెళ్లకి మేం చెప్పేది: పగటిపూట, ఆఫీసులోనే అనండి. అంతమాత్రానికి పోయే ఉద్యోగమైతే అది ఎట్లాంటి చోటో ముందే తెలిసిపోయింది.

దాచుకోవడం గురించి కూడా మాట్లాడాలి. ఇంటిపేరు మింగేసి పేరు మాత్రం చెప్పేవాళ్లున్నారు. ఆ పూటకి పప్పన్నం తిని శాకాహారినని చెప్పేవాళ్లున్నారు. ఊరు అడిగితే పక్కనున్న పట్నం పేరు చెబుతారు. వీళ్లని తిట్టేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. మేం తిట్టం. ఇంటి దగ్గర అప్పు కట్టాల్సినోడు, తమ్ముడి ఫీజు కట్టాల్సినోడు ఆ గంటలో ఏం చేసైనా ఉద్యోగం సంపాదించుకుంటే అది వాడి హక్కు. బరోడా సత్రంలో బాబాసాహెబ్ పెట్టుకున్నది సొంత పేరా? కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దాచినది రోజూ దాచాలి. ప్రతి క్యారేజీ విప్పేటప్పుడూ, ప్రతి పండక్కీ, ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ దాచాలి. ఆ బరువు మోసేది ఒక్కడే. మోయలేనినాడు మనం పక్కన ఉండాలి, నిలదీయడానికి కాదు.

ఇంకో సంగతి, చేదుగా ఉన్నా రాయక తప్పదు. మనలో పైకొచ్చి కుర్చీ ఎక్కినవాళ్లు కొందరు, ఎదుటివాడు మాలా మాదిగా అని అదే టీ గ్లాసు మీదుగా కనుక్కుంటున్నారు. "మనోడేనా?" అన్న ప్రశ్న మన నోట్లోంచి వచ్చినా అది వాళ్ల ప్రశ్నే.

సరే, ఊళ్లల్లో ఉన్న కార్యకర్తలు ఏం చెయ్యాలి? పట్నం పోయే పిల్లలకి ఇంటర్వ్యూ ముందు ఇంగ్లీషు నేర్పుతున్నారు, టై కట్టడం నేర్పుతున్నారు. సంతోషం. దానితోపాటు నలుగురు కూర్చుని ఈ భోజనం ఇంటర్వ్యూ కూడా ఆడి చూపించండి. ఒకరు మేనేజరవ్వండి, ఇద్దరు టీమవ్వండి. "నాన్నగారేం చేస్తారు?" అని అడగండి. "వ్యవసాయ కూలీ అండి. మీ నాన్నగారో?" అని తిరిగి అడగటం అలవాటు చెయ్యండి. మర్యాదగానే, నవ్వుతూనే. ఆ ఎదురు ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు తయారుగా ఉండదు. ర్యాంకు అడిగితే "ఆ ర్యాంకుతో చేరి ఇదిగో ఈ పని చేసి వచ్చాను" అని పని మీదికి లాగమనండి. భోజనానికి పిలిచినప్పుడే "ఇది ఎంపికలో భాగమేనా సార్?" అని ఉత్తరంలోనో మెసేజీలోనో రాసి అడగమనండి. అవునన్నా కాదన్నా అది కాగితం మీద ఉంటుంది. ఇంటికొచ్చిన రాత్రే ఎవరు ఏమడిగారో, తేదీ వేసి, వరస తప్పకుండా నోటుబుక్కులో రాసుకోమనండి. ఒక్కడి నోటుబుక్కు ఫిర్యాదులా కనపడుతుంది. ఒకే చోటికి పోయిన పదిమంది నోటుబుక్కులు పక్కపక్కన పెడితే లేబరాఫీసులోనైనా ఎస్సీ కమిషన్ ముందైనా సాక్ష్యమవుతుంది. మండలానికి ఒకరు ఆ పుస్తకాలు దగ్గర పెట్టుకోండి. పిల్లల పేర్లు బయటికి పోకుండా చూసుకోండి, వాళ్లు ఇంకా ఉద్యోగాలు వెతుక్కోవాలి.